ఉత్తర తీరాల చరిత్ర – 7: స్ట్రాత్‌నేవర్ లోయ ఖాళీ అయిన తీరు

స్కాట్లాండ్ పటంలో ప్రధాన భూభాగపు ఉత్తర అంచు వెంట వేలు జరుపుకుంటూ పోతే బెట్టీహిల్ అనే చిన్న ఊరు తగులుతుంది. నేవర్ నది సముద్రంలో కలిసేది అక్కడే. ఊరికి తూర్పు వైపున 1774లో కట్టిన పాత చర్చి ఒకటుంది. తెల్లసున్నం కొట్టిన రాతిగోడలు, చుట్టూ సమాధులు, ఆ దిగువన ఇసుక తీరం. 1976 నుంచి ఆ చర్చి స్ట్రాత్‌నేవర్ మ్యూజియంగా ఉంటోంది. స్థానికులే దాన్ని ధర్మసంస్థగా నడుపుతున్నారు. అక్కడికి దక్షిణంగా, నది వెంట దాదాపు ముప్పై కిలోమీటర్లు లోపలికి సాగే లోయ పేరే స్ట్రాత్‌నేవర్. ఇవాళ ఆ దారిన వెళ్లేవాళ్లకు కనిపించేది గడ్డి, తుప్పలు, నాటిన అడవి, గొర్రెలు, ఎక్కడో ఒక ఇల్లు. మనిషి చెయ్యి పడని ప్రకృతి అని పర్యాటకులు మురిసిపోతారు. ఈ భాగంలో నేను వాదించదలచుకున్నది ఒక్కటే. ఆ ఖాళీని ప్రకృతి ఇవ్వలేదు; నోటీసులిచ్చి, గడువులు పెట్టి, ఇళ్లు తగలబెట్టి మనుషులే తయారుచేశారు. ఈ సంగతిని అర్థం చేసుకోవాలంటే రాజధానుల్లోని దస్త్రాలు ఎంత ముఖ్యమో, లోయ ముఖద్వారంలో ఉన్న ఈ చిన్న మ్యూజియమూ దాని చుట్టూ ఉన్న నేలా అంతే ముఖ్యం. ఎందుకంటే దస్త్రాలు రాసినవాళ్లు దాదాపు అందరూ ఒకే పక్షంవాళ్లు.

ముందు ఆ లోయలో ఎప్పుడూ ఎవరూ లేరన్న భ్రమను తొలగించాలి. 1981లో లోయలోని చీలమీ అనే చోట రోడ్డు పక్కన ఒక రాతి సమాధి బయటపడింది. అందులో దొరికిన నగిషీ మట్టిపాత్ర ఇప్పుడు ఈ మ్యూజియంలోనే ఉంది. దాని వయసు సుమారు నాలుగు వేల ఏళ్లు. చర్చి ఆవరణలో పడమటి పక్కన నిలువెత్తు రాయి ఒకటి కనిపిస్తుంది. ఫార్ శిల అంటారు. శిలువ, దాని చుట్టూ అల్లికలు, సుడులు చెక్కిన ఆ రాయి సుమారు పన్నెండు వందల ఏళ్ల కిందటిది. ఇంత పనితనం ఉన్న శిల్పిని పోషించాలంటే ఆ చుట్టుపక్కల పంట పండాలి, జనం ఉండాలి, వాళ్లకొక ఆరాధనా స్థలం ఉండాలి. ఇక లోయలోకి వెళ్తే రోసాల్ అనే ఊరి శిథిలాలున్నాయి. 1962లో హోరేస్ ఫెయిర్‌హర్స్ట్ అనే పండితుడు అక్కడ తవ్వకాలు జరిపాడు. చుట్టూ అటవీశాఖ చెట్లు నాటినా ఊరి మేరను మాత్రం విడిచిపెట్టింది. అందువల్ల ఊరి పొలాలను చుట్టి వచ్చే పాత రాతికట్ట ఇప్పటికీ తెలుస్తుంది. దాని లోపల ఇళ్లు, కొట్టాలు, ధాన్యం ఆరబెట్టే బట్టీలు కలిపి డెబ్బై దాకా కట్టడాల ఆనవాళ్లు లెక్కకొచ్చాయి. పొడవాటి ఇల్లు, ఒక కొస మనుషులు, మరో కొస పశువులు, ఇద్దరికీ ఒకే కప్పు. పక్కన పెరటి చెక్క. పొలంలో నాగలి చాళ్లు పెట్టిన గట్లు గడ్డి కింద ఇంకా ఉబ్బెత్తుగా ఉన్నాయి. గొర్రెలు మేయడానికి తప్ప పనికిరాని నేల అని ఎస్టేటు పెద్దలు తర్వాత రాసుకున్నది ఇలాంటి చోటి గురించే. రాతలో ఏమున్నా, ధాన్యపు బట్టీ ఉన్న ఊళ్లో ధాన్యం పండలేదనడం కుదరదు.

1746లో కలోడెన్ ఓటమి తర్వాత హైలాండ్ తెగల వ్యవస్థ ఎలా విరిగిందో గత భాగంలో చూశాం. తెగ నాయకుడికి ప్రజలు కావలసింది యుద్ధానికి. యుద్ధాలు పోయాక అతను జమీందారుగా మిగిలాడు. జమీందారుకు కావలసింది శిస్తు. సదర్లాండ్ కౌంటీలో ఈ మార్పు అన్నిచోట్లకన్నా పెద్ద ఎత్తున జరిగింది. అక్కడి భూమి వారసురాలు కౌంటెస్ ఎలిజబెత్. ఆమె భర్త మార్క్విస్ ఆఫ్ స్టాఫర్డ్, ఇంగ్లండులో కాలువల మీద వచ్చే రాబడితో బ్రిటన్‌లోకెల్లా గొప్ప ధనవంతుల్లో ఒకడు. ఎస్టేటు వ్యవహారాలన్నీ దివాను స్థానంలో ఉండి చూసినవాడు జేమ్స్ లాక్. లోయల్లోని జనాన్ని తీరానికి తరలించి చేపల వేటలో పెట్టాలి, లోయలను దక్షిణాది షెవియట్ గొర్రెల పెంపకందార్లకు పెద్ద కౌళ్లకివ్వాలి. పథకం స్థూలంగా ఇదీ. స్ట్రాత్‌నేవర్‌లో దీన్ని అమలుపెట్టిన ఏజెంటు పాట్రిక్ సెల్లర్, మోరే ప్రాంతపు న్యాయవాది, గేలిక్ భాష రానివాడు. రిలోయిస్క్ అనే పెద్ద గొర్రెల కౌలును వేలంలో దక్కించుకున్నవాడు కూడా అతనే. అంటే కౌలు రైతులకు బేదఖలు నోటీసు ఇచ్చే అధికారి, వాళ్లు వెళ్లిపోతే ఆ భూమి అనుభవించే కౌలుదారు ఒక్కడే అయ్యాడు. 1814 మార్చిలో మేత పచ్చికను కొత్తగా మొలిపించేందుకు కొండవాలు తుప్పలకు నిప్పు పెట్టించాడు. రైతుల పశువులకు వసంతంలో మేత కరువైంది. మే నెల గడువు దాటాక ఇళ్లు కూలగొట్టడం, తగలబెట్టడం మొదలైంది.

ఇక్కడ ఇంటి కప్పు సంగతి కొంచెం నిలిచి చూడాలి. స్ట్రాత్‌నేవర్‌లో కలపకు పనికొచ్చే చెట్లు చాలా తక్కువ. ఎప్పుడో బురదనేలల్లో కూరుకుపోయిన పాత దుంగలను తవ్వి తీసి, వాటితో దూలాలూ వాసాలూ చేసుకునేవారు. గోడలు రాయీ మట్టిగడ్డలూ. ఎక్కడికి వెళ్లినా మళ్లీ కట్టుకోవచ్చు. దూలాలు అలా కాదు. ఇల్లు మారేవాళ్లు వాటిని మోసుకుపోవడం ఆనవాయితీ. ఆ దూలాలను తగలబెట్టడమంటే ఉన్న ఇంటినీ, తీరంలో కట్టుకోబోయే ఇంటినీ కలిపి ఒకేసారి తగలబెట్టడం. కలపకు వెల కట్టి ఇచ్చామనీ, జనం తిరిగొచ్చి పాత ఇళ్లలో చేరకుండా కాల్చవలసి వచ్చిందనీ ఎస్టేటు పక్షం చెప్పింది. మొదటి ముక్క నిజమే అనుకున్నా, చెట్టు లేని సీమలో డబ్బు పెట్టినా దూలం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు ఆ సమాధానంలో చోటు లేదు. రెండో ముక్కలో మాత్రం ఒక ఒప్పుకోలు ఉంది. జనం తమంతట తాము వెళ్లిపోతున్నవాళ్లే అయితే తిరిగొస్తారన్న భయం ఎందుకు?

1814లో జరిగిన వాటిలో ఎక్కువ చర్చకు వచ్చింది బాడిన్‌లోస్కిన్ ఉదంతం. విలియం చిజం అనే అతని ఇంటికి నిప్పు పెట్టినప్పుడు అతని అత్త మార్గరెట్ మకే, దాదాపు నూరేళ్ల ముసలావిడ, మంచం మీద ఉంది. ఆవిడను బయటికి మోసుకొచ్చారు. అయిదు రోజులకు చనిపోయింది. స్థానిక న్యాయాధికారి రాబర్ట్ మకిడ్ విచారించి సెల్లర్‌ను అరెస్టు చేశాడు. 1816 ఏప్రిల్‌లో ఇన్వర్నెస్‌లో విచారణ జరిగింది, సెల్లర్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఉద్యోగం పోయింది మకిడ్‌కి. సెల్లర్ కొంతకాలానికి ఏజెంటు పదవి వదిలినా గొర్రెల కౌలు వదల్లేదు. 1819లో ఇంకా పెద్ద తరలింపు జరిగి, లోయలో మిగిలిన ఊళ్లూ ఖాళీ అయ్యాయి. రోసాల్‌కు చెందిన తాపీపనివాడు డొనాల్డ్ మక్లౌడ్ ఆ ఏడాది మే నెలలో ఒక రాత్రి ఎత్తు మీది నుంచి చూస్తే రెండు వందల యాభై ఇళ్లు తగలబడుతూ కనిపించాయని తర్వాత రాశాడు. లోయలోని అకనెస్ చర్చిలో సేవ చేసిన డొనాల్డ్ సేజ్, తన సంఘం చెదిరిపోబోతుండగా చేసిన చివరి ఆరాధన గురించీ, ఆ తర్వాత అటుగా వెళ్లినప్పుడు చూసిన పొగలు కక్కే శిథిలాల గురించీ జ్ఞాపకాలు రాసిపెట్టాడు. అవి అతని మరణానంతరం 1889లో అచ్చయ్యాయి.

మ్యూజియంలో జనం ఎక్కువసేపు ఆగేది ఒక చెక్క ప్రసంగ వేదిక ముందు. పాస్టరు డేవిడ్ మకెంజీ దాని మీద నిలబడే బేదఖలు నోటీసులను తన సంఘానికి చదివి వినిపించాడని స్థానికులు చెబుతారు. ఫలానా ఆదివారం, ఫలానా మాట అని కలప సాక్ష్యం చెప్పదు. కానీ ఆ వేదిక ఆ గదిలో ఉండటం వల్ల ఒక సంగతి స్పష్టమవుతుంది. ఎస్టేటు కాగితం ఇంగ్లీషులో తయారవుతుంది, జనం మాట్లాడేది గేలిక్. ఏజెంటుకు ఆ భాష రాదు. కాగితానికీ జనానికీ మధ్య అందరూ గౌరవించే గొంతు పాస్టరుదొక్కటే. ఆ పాస్టరుకు చర్చిలో చోటు ఇప్పించేది జమీందారు. కాబట్టి వెళ్లగొట్టే ఆజ్ఞ వాళ్లకు శత్రువు నోటి నుంచి కాక, తమ పిల్లలకు బాప్తిస్మమిచ్చి, తమ తల్లిదండ్రులను సమాధి చేసిన మనిషి నోటి నుంచి వచ్చింది. చాలాచోట్ల జనం పెద్దగా తిరగబడకుండా ఎందుకు కదిలారన్న ప్రశ్నకు ఎస్టేటు ఉత్తరాలన్నీ తిరగేసినా దొరకని జవాబు ఈ వేదిక ముందు దొరుకుతుంది. 1843లో స్కాట్లాండ్ చర్చి చీలినప్పుడు హైలాండ్ సామాన్య జనం మూకుమ్మడిగా జమీందార్ల ప్రాపకంలోని చర్చిని వదిలి ఫ్రీ చర్చిలో చేరడం వెనక ఈ అనుభవం లేదని నేననుకోను.

ఇప్పుడు కాగితం సంగతి. సదర్లాండ్ ఎస్టేటు దస్త్రాలు అపారం. ఉత్తరాలు, శిస్తు పద్దులు, పటాలు అన్నీ ఉన్నాయి. 1820లో జేమ్స్ లాక్ ఎస్టేటు అభివృద్ధి మీద ఏకంగా పుస్తకమే వేశాడు. గోల్స్‌పీ ఊరి పైన కొండ మీద జమీందారుకు నూరడుగుల స్మారకం 1837 నాటికి లేచింది. కృతజ్ఞులైన రైతులే దాన్ని కట్టించారని శాసనం చెబుతుంది. ఇటువైపు ఏముంది? వేలమందిలో ఒక తాపీపనివాడు, ఒక పాస్టరు రాసిన జ్ఞాపకాలు. ఒక పక్షం మాటే వింటే ఎంతటివాళ్లయినా ఎలా పొరబడతారో హారియట్ బీచర్ స్టోవ్ చూపించింది. నల్లజాతి బానిసల దుఃఖాన్ని ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’లో లోకానికి వినిపించిన ఆ రచయిత్రి 1853లో బ్రిటన్ వచ్చి ఆ జమీందారు కుటుంబానికే చెందిన సదర్లాండ్ డచెస్ ఆతిథ్యం అందుకుంది. మరుసటి ఏడు వేసిన యాత్రాగ్రంథంలో, ప్రధానంగా లాక్ చెప్పిన లెక్కల మీద ఆధారపడి, బేదఖళ్ల కథలు కల్పితాలని తీర్మానించింది. ఆమె హృదయంలో లోపం లేదు, విన్న చోటులో ఉంది. అప్పటికి కెనడా చేరిన మక్లౌడ్ 1857లో ఆమెకు జవాబుగా పుస్తకం వేశాడు. కానీ ఆమె పాఠకులెందరు, అతని పాఠకులెందరు?

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక పేరు గుర్తుకు రావాలి. మన పల్లెల కైఫియత్తులు సేకరించిన కాలిన్ మెకంజీ ఈ ఉత్తరపు అంచుకు చెందినవాడే. లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరా కరణాల దగ్గర గుడి చరిత్ర, చెరువు చరిత్ర, పాత దొరల వరస రాయించాడు. 1815లో ఇండియా సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో పోయాడు. సరిగ్గా ఆ ఏళ్లలోనే స్ట్రాత్‌నేవర్ ఊళ్లు తగలబడ్డాయి. కైఫియత్తుల్లో అతిశయోక్తులు, పుక్కిటి పురాణాలు ఉన్నాయి. అయినా ఊరు తన గురించి తాను చెప్పుకున్న మాట ఉంది. రోసాల్‌కు, అలా కాలిపోయిన మరెన్నో ఊళ్లకు, ఖాళీ అయ్యే ముందు అడిగి రాసుకున్న కైఫియత్తు లేదు. చిన్న మ్యూజియం ఆలస్యంగా, వస్తువులతో, శిథిలాలతో, మనవలు చెప్పిన మాటలతో పూరించడానికి ప్రయత్నిస్తున్నది ఆ లోటునే.

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో గట్టిది జనాభా లెక్కల నుంచి వస్తుంది. లాక్ కాలం నుంచీ ఎస్టేటు పక్షం వాడిన అస్త్రమది. సదర్లాండ్ కౌంటీ జనాభా 1811లో 23 వేల పైచిలుకు, 1821లోనూ 23 వేల పైచిలుకే, 1831కి 25 వేలు దాటింది. జనమే తగ్గనప్పుడు వెళ్లగొట్టడమెక్కడ అని అడుగుతారు. అంకెలు సరైనవే. కానీ అవి కౌంటీ మొత్తానివి. లోయ నుంచి తీరానికి నెట్టినవాడు కౌంటీ సరిహద్దు దాటడు, అందుకే లెక్కలో తేడా రాదు. మారింది మనిషి కాళ్ల కింది నేల. లోయలో పొలం, పచ్చిక, పశువులు ఉన్న కుటుంబానికి తీరంలో దక్కింది రెండు మూడు ఎకరాల రాతినేల. కమతాలు అంత చిన్నవి కావడం పొరపాటున జరగలేదు. పంట మీదే బతకగలిగితే జనం చేపల వేటకు దిగరని, కావాలనే చిన్నవి చేశారు. పశువులను కాచుకునేవాళ్లను, పడవ అలవాటు లేనివాళ్లను, సరైన రేవు లేని తీరంలో, బ్రిటన్‌లోకెల్లా కటువైన సముద్రం ముందు నిలబెట్టారు.

ఆ సముద్రంతో వాళ్లు ఎలా తలపడ్డారో చెప్పే వస్తువు మ్యూజియంలో ఉంది. వలకు కట్టే తేలుడుబుడ్డి అది, ఒక కుక్క తోలుతో చేసినది. తోలును చీల్చకుండా ఒలిచి, కాళ్లూ మెడా ఉన్న చోట్ల బిగించి కట్టి, లోపల గాలి నింపారు. బుడ్డి ఉబ్బి నిలబడితే జంతువు ఆకారం పోల్చుకోవచ్చు. చూసేవాళ్లకు మొదట ఒళ్లు జలదరిస్తుంది. నిజానికి ఉత్తర సముద్రపు బెస్తలు జంతువుల తోళ్లతో బుడ్డులు చేసుకోవడం మామూలే, ఇందులో వింత లేదు. అయితే ఏ సరుకైనా కొనుక్కోవలసి వచ్చే చోట, చేతిలో డబ్బు ఆడని మనుషులు ఇంట్లో ఉన్నదానితోనే పరికరం చేసుకుంటారు. ‘తీరానికి తరలించి చేపల పరిశ్రమలో నెలకొల్పాం’ అన్న అర్థం వచ్చే వాక్యం ఎస్టేటు నివేదికల్లో ఎంత నున్నగా ఉంటుందో, ఈ బుడ్డి అంత గరుకుగా ఉంటుంది. జనాభా పట్టికలో ఈ గరుకుదనం నమోదు కాదు.

రెండో అభ్యంతరం: సెల్లర్‌ను కోర్టు విడిచిపెట్టింది, మక్లౌడ్ వంటివాళ్లు పాతికేళ్ల తర్వాత ఆవేశంతో రాశారు, అంకెలు పెంచారు, మ్యూజియం ఆ ఆవేశాన్నే వారసత్వంగా పెట్టుకుంది. ఇందులో ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. మకిడ్‌కు సెల్లర్‌తో పాత పగ ఉంది. మక్లౌడ్ ఉత్తరాలు పత్రికలో వచ్చింది 1840లో, అప్పటికి ఇరవై ఏళ్ల పైన గడిచింది. మార్క్స్ ‘కాపిటల్’లో 1814–1820 మధ్య వెళ్లగొట్టిన జనం 15,000 అని రాశాడు, తర్వాతి పరిశోధకులు ఆ సంఖ్యను బాగా తగ్గించారు. తగ్గించినా వేలల్లోనే ఉంది. సెల్లర్‌పై నరహత్య నేరం రుజువు కాకపోవడం ఒక సంగతి, లోయ ఖాళీ కావడం మరో సంగతి. మొదటిది జ్యూరీ తేల్చింది. ఆ జ్యూరీలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది భూస్వాములూ వాళ్ల వర్గంవాళ్లే. రెండోది ఎవరూ కాదనలేదు. సెల్లర్ కూడా కాదనలేదు, అది చట్టబద్ధమన్నాడు. ఏడాదికేడాది కౌలు మీద ఉన్న రైతుకు ఆనాటి చట్టంలో హక్కు లేదు కాబట్టి చట్టబద్ధమే. నేను తప్పుపడుతున్నది ఆ చట్టాన్నే. స్థానిక మ్యూజియం పక్షపాతంతో ఉంటుందని భయపడేవాళ్లు, ఎస్టేటు దస్త్రం కూడా ఒక స్థానిక సంగ్రహమేనని గుర్తుంచుకోవాలి. అది కోటలో భద్రపడింది, ఇది చర్చిలో. సెల్లర్ కొడుకు థామస్ తండ్రి పేరు నిలబెట్టడానికి 1883లో ఒక పుస్తకం వేశాడు. కొడుకుకు ఆ హక్కు ఉందని మనం ఒప్పుకున్నప్పుడు, ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల మునిమనవలకూ అదే హక్కు ఉంటుంది.

ఇంతకన్నా లోతైన అభ్యంతరం మూడోది. లోయలో బతుకు స్వర్గం కాదు. 1812–13లో, మళ్లీ 1816–17లో పంటలు పోయి ఎస్టేటే ధాన్యం తెప్పించవలసి వచ్చింది. జమీందారు తన ఇంగ్లండు రాబడిని ఇక్కడి రోడ్లకు, వంతెనలకు, హెల్మ్స్‌డేల్ రేవుకు ఖర్చుపెట్టాడు. కొన్నేళ్లు ఎస్టేటు నుంచి వచ్చినదానికన్నా పెట్టింది ఎక్కువ. కాబట్టి ఇది దురాశ కథ కాదు, బలవంతపు సంస్కరణ కథ అంటారు. సదుద్దేశం ఉందన్న మాటను నేను కొట్టిపారేయను. లాక్ తాను మేలు చేస్తున్నానని నిజంగానే నమ్మి ఉంటాడు. కానీ కరువుకు విరుగుడుగా మంచి నేల లాక్కుని చెడ్డ నేల ఇవ్వడం ఏ లెక్కన కుదురుతుంది? చిన్న కమతంలో కుటుంబానికి సరిపడా తిండి పండించగల పంట బంగాళాదుంప ఒక్కటే. ఆ ఒక్క పంట మీదికి జనాన్ని నెట్టాక, 1846లో హైలాండ్స్‌లో దుంపతెగులు వచ్చినప్పుడు ఏమవుతుందో అదే అయింది. గొర్రెల లాభమైనా నిలిచిందా అంటే, 1870ల తర్వాత ఆస్ట్రేలియా ఉన్ని రాకతో ధరలు పడిపోయి, చాలా గొర్రెల భూములను జింకల వేటకు అద్దెకిచ్చుకున్నారు. శాశ్వత ప్రగతి పేరుతో ఖాళీ చేసిన లోయకు ఒక్క మనిషి జీవితకాలం కూడా ఆ ప్రగతి దక్కలేదు. 1814లో పదకొండేళ్ల పిల్లవాడు 1883లో ఇంకా బతికే ఉన్నాడు, సాక్ష్యం చెప్పాడు.

ఆ సాక్ష్యం విన్న మనిషి మనకు తెలిసినవాడు. కౌలుదార్ల ఆందోళన పెరిగి ప్రభుత్వం 1883లో వేసిన విచారణ సంఘానికి అధ్యక్షుడు లార్డ్ నేపియర్. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్నది ఆయనే. గంజాం కరువు కాలపు గవర్నరు, వైస్రాయి మేయో హత్య తర్వాత కొద్దికాలం ఆ స్థానంలో ఉన్నవాడు. తిరువనంతపురంలోని పెద్ద మ్యూజియం ఆయన పేరు మీదే ఉంది. రైతు, శిస్తు, కరువు అన్న మూడు మాటల బరువు తెలిసిన అధికారి. ఆ సంఘం ఊరూరా తిరుగుతూ 1883 జూలైలో బెట్టీహిల్ వచ్చింది. అక్కడ ఏంగస్ మకే అనే ముసలాయన తన చిన్ననాటి ఉదయం గురించి చెప్పాడు. గడువుకు ముందే పశువులను తోలుకుని తల్లిదండ్రులు కొత్త చోటికి వెళ్లారు, పిల్లలు ఇంట్లో నిద్రపోతున్నారు. ఒకావిడ వచ్చి లేపి, దగ్గర్లోనే సెల్లర్ ఇళ్లు తగలబెడుతున్నాడని చెప్పింది. అవతలి ఒడ్డున తెలిసినవాళ్లున్నారని పిల్లలు ఏటివైపు పరుగెత్తారు. పదకొండేళ్ల ఏంగస్ తమ్ముణ్ని వీపున ఎక్కించుకుని నీళ్లలో దిగాడు. నీళ్లు తమ్ముడి వీపుకు తగిలేసరికి వాడు ఏడ్చి కదిలాడు, అన్న పడ్డాడు, తమ్ముడు మెడ పట్టుకుని వదల్లేదు. అటుగా పిల్లలతో వస్తున్న ఒక పేదరాలు ఏట్లో దూకి ఇద్దర్నీ లాగకపోతే ఆ సాక్ష్యమే లేదు. ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి జ్ఞాపకం, తేదీల్లో తప్పుండవచ్చు. కానీ అలాంటి వివరం, తమ్ముడు ఏ క్షణాన ఏడ్చాడన్నది, కల్పించి చెప్పేవాడికి తట్టేది కాదు.

ఇటువంటి వస్తువులనూ జ్ఞాపకాలనూ ఎడిన్‌బరోలోని జాతీయ మ్యూజియానికి తరలిస్తే భద్రతా ఉంటుంది, చూసేవాళ్లూ పెరుగుతారు కదా అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. భద్రత సంగతి నిజం. చలికాలంలో తలుపులు మూసుకునే చిన్న మ్యూజియానికి నిధులు, సిబ్బంది ఎప్పుడూ కొరతే. కానీ తేలుడుబుడ్డి ఎడిన్‌బరో గాజుపెట్టెలో మత్స్య పరిశ్రమ విభాగంలో చేరుతుంది, మట్టిపాత్ర కంచుయుగం విభాగంలో, ప్రసంగ వేదిక చర్చి కలప పనుల విభాగంలో. మూడూ వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి. ఇక్కడ ఆ మూడూ ఒకే లోయ చరిత్ర. చర్చి తలుపు దగ్గర నిలబడితే జనం వెళ్లి చేరిన తీరం ఒకవైపు, వాళ్లు వదిలిన లోయ మరోవైపు. నది వెంట లోపలికి వెళ్తే రోసాల్ రాతికట్ట, దాని ఎదురుగా మక్లౌడ్‌కు నిలిపిన స్మారకం. వాదానికీ ఆధారానికీ మధ్య దూరం ఇంత తక్కువగా ఉండే అవకాశం పెద్ద మ్యూజియాలకు లేదు.

నేపియర్ సంఘం 1884లో నివేదిక ఇచ్చింది. 1886లో క్రాఫ్టర్ల (చిన్న కమతాల కౌలుదార్ల) చట్టం వచ్చింది: కమతంపై శాశ్వత హక్కు, న్యాయమైన శిస్తు, వారసులకు బదిలీ. బేదఖలు నోటీసు భయం ఆ తీరంలో అప్పటితో తీరింది. కానీ చట్టం చేతిలో ఉన్న కమతానికే రక్షణ ఇచ్చింది. చేజారిన లోయను తిరిగివ్వలేదు, భూమే లేనివాళ్లను పట్టించుకోలేదు. అందుకే భూమి కోసం ఆందోళనలు ఆగలేదు. చివరికి 1900 ప్రాంతంలో ప్రభుత్వమే స్ట్రాత్‌నేవర్‌లోని సైర్ దగ్గర గొర్రెల భూమి కొంత కొని, చిన్న కమతాలుగా విడగొట్టి, తీరంలో ఇరుకున పడ్డ కుటుంబాలను అక్కడ స్థిరపరిచింది. సాగుకు పనికిరాదని ఎనభై ఏళ్ల కిందట ఎస్టేటు తేల్చిన లోయలోనే మళ్లీ దున్నడం మొదలైంది. ఆ కొనుగోలు దాకా నడిపించిన భూమి ఆందోళనలు, వాటిలో లూయిస్, స్కై దీవుల పాత్ర వచ్చే భాగంలో.